ఆదికిచ్చిన జర్మన్ గుడారపు గుడ్డ

ఆ రోజుల్లో రుజువు లేని మాటను నేను నమ్మేవాణ్ణి కాను. ఇప్పుడూ నమ్మను గాని, అప్పట్లో ఆ సంగతిని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేవాణ్ణి. కెనడాలోని బర్నబీలో కొండ మీది విశ్వవిద్యాలయంలో రంగుల రసాయనశాస్త్రం చదువుకుని, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కాలం అది. మనిషికి చదువు ఎక్కువగా, పని తక్కువగా ఉన్న దశలో అనుమానం బాగా పండుతుంది. ఆ పంట నూర్పిడి ఎలా జరిగిందో చెప్పబోతున్నాను కనుక, నిశ్చయంగా తెలిసినవాటినీ చెవిన పడ్డవాటినీ ముందే వేరు చేసి పెట్టడం న్యాయం. జర్మన్ సైన్యం రెండో ప్రపంచయుద్ధానికి ముందే, పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటిలో, మూడు మూలల గుడారపు గుడ్డ ఒకదానిమీద రంగుల మచ్చలు అచ్చువేసి సైనికులకు ఇచ్చింది, ఇది నిశ్చయం. ఒక్కడే ఉంటే దాన్ని వాన కోటులా కప్పుకోవచ్చు; నలుగురుంటే నాలుగు గుడ్డల్ని అంచుల గుండీలతో కలిపి గుడారం వేసుకోవచ్చు; ఇదీ నిశ్చయం. పగిలిన పెంకుల్లాంటి కోణాల మచ్చలు, వాటిమీద సన్నని వానచినుకుల్లాంటి ఆకుపచ్చ గీతలు, ఒకవైపు ముదురు, రెండోవైపు లేత: ఇవి నా కళ్ళతో చూశాను. ఇటలీవాళ్ళు అంతకు రెండేళ్ళ ముందే ఇలాంటి అచ్చుగుడ్డ తయారుచేశారన్నదీ, యుద్ధం నడుమ ఇటలీ పక్కకు తప్పుకున్నాక ఆ గుడ్డల నిల్వలు జర్మన్ల చేతికి వచ్చాయన్నదీ పుస్తకాల్లో సరిచూసుకున్నాను.

ఇక వినికిడి. ఆ కాలపు జర్మన్ అచ్చుగుడ్డల రకరకాల నమూనాలకు ఓక్ ఆకు, బఠాణీ అంటూ అందరూ చెప్పే పేర్లు యుద్ధకాలం నాటివనుకుంటారు. చాలావరకు తరువాతి సేకరణదారులు పెట్టుకున్నవి. ఒక చిత్రకళా ఆచార్యుడు చెట్లకింద పడుకుని, ఆకుల సందుల్లోంచి రాలే ఎండను చూసి వాటిని గీశాడంటారు. ఆచార్యుడు ఉన్నాడు, పడుకున్నాడో లేదో నాకు తెలియదు. అసలైన యుద్ధకాలపు గుడ్డ అతినీలలోహిత దీపం కింద మెరవదంటారు. ఇందులో సగం నిజం ఉంది, మిగతా సగం ఒక మధ్యాహ్నం నా పరువు తీసింది. (ఆ గుడ్డ కప్పుకున్న సైన్యం ఎలాంటి ప్రభుత్వానికి పనిచేసిందో మరచిపోయి, రంగుల పొందిక గురించి మాత్రమే మురిసిపోయేవాళ్ళను అప్పటికే చాలామందిని చూశాను. నేను అలా మురిసిపోలేదని చెప్పుకోగలను.)

మా పిన్ని, అంటే అమ్మకు చెల్లెలు, తన టౌన్‌హౌస్ గరాజులో కుట్టుపని పెట్టుకుంది. తెలుగువాళ్ళ జాకెట్లతో మొదలై, పక్కవీధి నాటకాల బృందం మీదుగా, ఆ చుట్టుపక్కల తీసే సినిమాలకు దుస్తులు కుట్టే స్థాయికి ఎదిగింది. కారు బయట వానలో తడిసేది, మిషన్లు లోపల వెచ్చగా ఉండేవి. ఒక యుద్ధపు సినిమావాళ్ళు డజను జర్మన్ గుడారపు గుడ్డలు కావాలన్నారు. పిన్ని ఇల్లిల్లూ విచారించి, చివరికి పక్కింటి టీచరమ్మ దగ్గర అసలుది ఒకటి ఉందని కనిపెట్టింది. టీచరమ్మ బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన కెనడా ఆవిడ. వాళ్ళ నాన్నగారు యుద్ధంలో పోరాడి ఇంటికి తెచ్చుకున్న గుడ్డ అది. ఆ తరువాత చాలాకాలం ఆయన చేపల పడవలో వాన పడితే దాన్నే కప్పుకునేవారట. ఆయన వస్తువుల్లో ఆవిడకు మిగిలింది అదొక్కటే. తక్కినవి ఇల్లు మారినప్పుడల్లా ఒక్కొక్కటే జారిపోయాయి. "దీన్ని మరొకరికైతే ఇవ్వను" అని చెప్పి మరీ పిన్ని చేతిలో పెట్టింది.

ఇక్కడ మన కుట్టుపని సంప్రదాయం ఒకటి గుర్తుచేయాలి. మనవాళ్ళు కొలతలు చెప్పరు. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తారు. ఆది ఎలా ఉంటే కొత్తదీ అలాగే రావాలి. ఆదిలో మెడ కాస్త వంకరైతే కొత్తదానిలోనూ వంకరే, ఎందుకంటే ఆ వంకర ఇష్టపడే కుట్టించుకున్నారేమో ఎవరికి తెలుసు? పిన్ని ఆ గుడ్డను ఆదిగానే తీసుకుంది. నాతో ఒకే గదిలో అద్దెకుంటున్న కరీంనగర్ మిత్రుడు, గుడ్డమీద అచ్చువేసే పెద్ద యంత్రాలున్న చోట పనిచేసేవాడు. అతణ్ణి అందరం ప్రింటరనే పిలిచేవాళ్ళం. పిన్ని అతనికి ఆ గుడ్డనిచ్చి, "ఇది ఆది నాయనా, ఇలాగే రావాలి" అంది. అతను రెండువైపులా ముక్కలుముక్కలుగా స్కాన్ చేసి, అతికి, సరిగ్గా అలాగే దింపి తెచ్చాడు. అంచున ఎప్పుడో చిరిగితే టీచరమ్మ వాళ్ళమ్మగారు వేసిన అతుకు ఒకటి ఉండేది, దారం కాస్త వంకరగా. పిన్ని ఆ అతుకును కూడా, ఆ వంకరతో సహా, డజను గుడ్డలకూ వేసింది. పాత నూలుదారమే కావాలని ఊరంతా తిరిగి అచ్చమైన నూలు కొంది. గుండీలు పాతసామాన్ల దుకాణంలో ఏరుకొచ్చింది. కొత్తదనం పోవడానికి కాఫీ డికాషన్‌లో ముంచింది. ఆమె పనితనానికి నేను అప్పుడూ దండం పెట్టాను, ఇప్పుడూ పెడతాను.

సినిమా వ్యాను రావలసిన రోజు మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. "ఒరేయ్ సైంటిస్టూ, ఉన్నపళంగా రా. ఆ దీపమేదో ఉందన్నావే, అది కూడా తే." నేను వెళ్ళేసరికి గరాజులో తాళ్ళమీద పదమూడు గుడ్డలు వేలాడుతున్నాయి. డజను కొత్తవి, ఒకటి అసలుది. వాటి మధ్య పిన్ని, చేతులు కట్టుకుని, పదమూడుమంది పెళ్ళికొడుకుల్ని ఒక్కసారే చూసినట్టు నిలబడి ఉంది.

"ఏది ఏదో తెలియట్లేదురా" అంది.

"అసలుదానికి గుర్తు పెట్టుకోలేదా?"

"పెట్టాను. పిన్నీసుతో చీటీ గుచ్చాను. నానబెట్టేటప్పుడు తుప్పు పడుతుందని తీసేశాను."

"అసలుదాన్ని ఎందుకు నానబెట్టావ్ పిన్నీ!"

"ఎందుకేంట్రా? ఎవడో యుద్ధంలో చచ్చినవాడి గుడ్డేమో అది. తడపకుండా ఇంట్లో పెట్టుకుంటారా ఎవరైనా? సబ్బుపొడేసి అన్నీ కలిపి నానేశాను. శుభ్రంగా వచ్చాయి కూడా."

శుభ్రంగా వచ్చాయి, అదే దుఃఖం. వ్యానువాళ్ళు ఈ గుడ్డల్ని తీసుకెళ్ళి కెమెరాకు పాతగా కనిపించేలా గీకి, చించి, అంచులు కాల్చి, బురదలో తొక్కుతారు. అందుకు వాళ్ళకు ప్రత్యేకంగా మనుషులున్నారు. ("కొత్త గుడ్డ కొనుక్కుని పాతది చేయించుకోడానికి జీతాలు కూడానా!" అని పిన్ని మొదట్లో పడీపడీ నవ్వింది. ఇప్పుడు నవ్వడం లేదు.) ఆ పదమూడింటిలో టీచరమ్మది వాళ్ళ చేతుల్లో పడితే ఇక తిరిగి వచ్చేది పేలికే. పైగా ఆవిడ ఆ సాయంత్రమే వచ్చి తీసుకుంటానని చెప్పి ఉంది.

నాకు, సిగ్గు విడిచి చెప్పాలంటే, లోలోపల కొంచెం ఉత్సాహంగానే ఉంది. ఇన్నేళ్ళ చదువుకు ఇన్నాళ్ళకు ఒక ఆపద దొరికింది. తలుపులు మూయించి, దీపాలు ఆర్పించి, నా అతినీలలోహిత దీపం వెలిగించాను. "చూడు పిన్నీ, ఇప్పటి సబ్బుల్లో తెల్లదనం కోసం ఒక పదార్థం కలుపుతారు. అది ఈ వెలుగులో నీలంగా మెరుస్తుంది. కొత్త గుడ్డల్లోనూ అది ఉంటుంది. యుద్ధకాలపు గుడ్డలో ఉండదు. మెరవనిదే అసలుది" అని ఉపన్యాసం ఇచ్చి, దీపాన్ని మొదటి గుడ్డమీదికి తిప్పాను. లేత రంగు చోట్లన్నీ నీలంగా మెరిశాయి. రెండోదీ మెరిసింది. పదమూడోదానిదాకా అన్నీ, దీపావళికి వీధిలో ఇళ్ళలా, వరసగా మెరిశాయి.

"అన్నీ మెరుస్తున్నాయి కదరా" అంది పిన్ని చీకట్లోంచి.

"నువ్వు అన్నిటికీ ఒకే సబ్బు పెట్టావు కదా."

"అయితే ఆ మాట దీపం వెలిగించకముందే తెలియాలి కదా నీకు!"

తెలియాలి. తెలియలేదు. (మెరిసిందంటే నకిలీ అని కాదు, ఎప్పుడో ఉతికారని మాత్రమే. ఈ వాక్యాన్ని నేను తరువాత చాలామందికి చాలా గంభీరంగా చెప్పాను.) దారం కాల్చి చూద్దామన్నాను, పాలిస్టర్ దారమైతే కరిగి పూసలా గట్టిపడుతుంది, నూలైతే బూడిదవుతుంది. మూలల్లోంచి పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చాను. అన్నీ ముద్దుగా బూడిదయ్యాయి; పిన్ని ఊరంతా తిరిగి నూలుదారమే కొన్నది మరి. మచ్చల అమరిక పోల్చాను. ప్రింటర్ ఒక్క మచ్చ కూడా తప్పకుండా దింపాడు. భూతద్దం పెట్టి చూశాను. గోధుమరంగు, ఆకుపచ్చ అన్నీ నిండుగా, ఒకేలా ఉన్నాయి. పిన్ని గుడ్డల్ని ఒక్కొక్కటే చేత్తో తడిమి చూస్తూ తాళ్ళ మధ్య తిరుగుతోంది.

అప్పుడే వ్యాను హారను మోగింది. చెప్పినదానికన్నా ముందే వచ్చారు. బురద సీను మరునాటికి జరిపారట. వ్యాను మనిషి పొడవాటివాడు, మంచివాడు; నవ్వుతూ లోపలికి వచ్చి, తాళ్ళ మీంచి గుడ్డల్ని దులిపి భుజాన వేసుకుంటూ, "అద్భుతం! నిజమైనవాటిలాగే ఉన్నాయి!" అన్నాడు. పిన్ని ఏదో అనబోయింది. సరిగ్గా ఆ సమయానికే ముందు తలుపు గంట మోగింది. టీచరమ్మ గొడుగు ముడుచుకుంటూ నిలబడి ఉంది.

"తొందరేమీ లేదు. ఊరికే ఒకసారి చూసుకుని పోదామని. నిన్న రాత్రి నాన్న కలలోకి వచ్చారు" అంది.

పిన్ని ఆవిడను సోఫాలో కూర్చోబెట్టి, నా చెయ్యి గట్టిగా పట్టి వంటగదిలోకి లాక్కెళ్ళింది. "ఆర్డరు పోతే పోయిందిరా. ఆ వ్యానులోకి ఒక్క గుడ్డ కూడా పోకూడదు. పో, అన్నీ వెనక్కి తే. నేను ఆవిడ మొహం చూడలేను, టీ పెడతాను." ఆ మాటలు ఆమె మెల్లగా, తడబడకుండా అంది. ఆర్డరు అంటే ఆమెకు ఏమిటో నాకు తెలుసు. ఆ మాటలోని బరువు కూడా తెలిసింది.

నేను వెనక్కి పరుగెత్తి, వ్యాను మనిషికి "చిన్న లోపం కనబడింది, ఒకసారి తనిఖీ చేయాలి" అని చెప్పి, అప్పటికే వ్యానుకెక్కిన గుడ్డలన్నీ తిరిగి గరాజులోకి మోశాను. అతను భుజాలెగరేసి సిగరెట్టుకు బయటికి పోయాడు. అప్పుడే సాయానికి వచ్చిన ప్రింటర్ నా పక్కన కూలబడి, పిల్లలు పరీక్ష తప్పినప్పటి మొహంతో ఆ గుడ్డల్ని చూస్తున్నాడు.

"అరే, నా తప్పేం లేదు. ఉన్నది ఉన్నట్టు దింపుమన్నరు, దింపిన. గా గుండీ పక్కన మరక గూడ దింపిన, దానికే సగం రోజు పట్టింది. లేత రంగు గదా, సరిగ్గ రానే రాలే."

నేను అతని మొహంలోకి చూశాను. "ఏ మరక?"

"గిదే. తుప్పు రంగుది."

గుండీ పక్కన, అరచేతిలో సగం వెడల్పున, వెలిసిన గోధుమరంగు మరక ఉంది. అన్ని గుడ్డలమీదా ఉంది. కొత్తవాటిలో అది మరక కాదు, మరక బొమ్మ. యంత్రం లేత రంగును విడివిడి చుక్కలతో వేస్తుంది. ముదురు రంగుల్లో ఆ చుక్కలు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోతాయి, ముదురు మచ్చల్నే చూసిన నా భూతద్దానికి అందుకే దొరకలేదు. లేత మరకలో మాత్రం అవి విడిగా ఉండాలి. భూతద్దం పెట్టాను. చుక్కలు! నీలం, గులాబీ, పసుపు చుక్కలు, జల్లుమని. నా జీవితంలో అంత అందమైన అచ్చుతప్పును చూడలేదు. ఒక్కొక్క గుడ్డే తీసి చూడటం మొదలుపెట్టాం. చుక్కలు. చుక్కలు. దాన్ని అటు పెట్టు. మళ్ళీ చుక్కలు. లోపల సోఫా దగ్గర పిన్ని టీచరమ్మతో వాతావరణం గురించి, బియ్యం గురించి, మళ్ళీ వాతావరణం గురించి మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది. కుప్ప తరిగిపోతోంది. చివరి గుడ్డ తీశాను. చుక్కలు.

"అయిపోయినయ్" అన్నాడు ప్రింటర్.

"అసలుది లేదు."

"ఎట్ల లేదు? లెక్క పెట్టు."

లెక్కపెట్టాం. పన్నెండు. ఇద్దరం ఒకేసారి కిటికీలోంచి బయటికి చూశాం. వాన జోరుగా పడుతోంది. ఆ వానలో వ్యాను మనిషి సిగరెట్టు కాలుస్తూ నిలబడి ఉన్నాడు. తల తడవకుండా మీద ఒక గుడ్డ కప్పుకున్నాడు, మూడు మూలలు, కోణాల మచ్చలు. పని మధ్యలో ఖాళీగా ఉండలేని మనిషి కాబోలు, రెండో చేతిలో ఇనుప తీగల బ్రష్షు పట్టుకుని, ఆ గుడ్డ అంచు ఎంత గట్టిదో చూద్దామన్నట్టు దానిమీద ఆన్చాడు.

నేను చెప్పుల్లేకుండా పరుగెత్తాను. ఏ భాషలో అరిచానో గుర్తులేదు; తెలుగులోనేనని ప్రింటర్ సాక్ష్యం. వ్యాను మనిషి అదిరిపడి బ్రష్షు కింద పడేశాడు. అతని భుజం మీది అంచును పట్టుకుని, వానలోనే, వంగి మరకమీద భూతద్దం పెట్టి చూశాను. చుక్కలు లేవు. రంగు నూలు లోపలికి ఇంకిపోయి, పోగు వెంబడి నెమ్మదిగా పలచబడుతూ పోయింది, నిజమైన మరకలన్నీ పోయినట్టే.

"ఏమైంది, తప్పుగా తీసుకున్నానా?" అన్నాడతను.

"లేదు. దీన్ని తయారుచేసింది ఇలా వానలో కప్పుకోడానికే" అన్నాను. ఆ జవాబు అతనికి అర్థం కాలేదు, నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

తడిసిన గుడ్డతో లోపలికి వచ్చేసరికి టీచరమ్మ గరాజు గుమ్మంలో నిలబడి ఉంది. అరుపు విని వచ్చినట్టుంది. నేలమీద పరచి ఉన్న పన్నెండు గుడ్డలమీద పన్నెండు అతుకులు, ఒకే మూల, ఒకే వంకర. ఆవిడ వంగి ఒకదాన్ని తాకింది, మరొకదాన్ని తాకింది. పిన్ని మొహం పాలిపోయింది. నానబెట్టడం మొదలుకొని అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. తెలుగు సగం, ఇంగ్లీషు సగం. టీచరమ్మ చివరిదాకా విని, నవ్వడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తరువాత కళ్ళు తుడుచుకునేంతగా.

"అమ్మ కుట్టుపనిలో చాలా అన్యాయం. ఈ అతుకు చూసి నాన్న ఏళ్ళ తరబడి ఎగతాళి చేసేవారు. దీన్ని పన్నెండుసార్లు కుట్టినవాళ్ళు ఉన్నారని తెలిస్తే ఆవిడ ఎంత పొంగిపోయేదో!" అని, పిన్ని రెండు చేతులూ పట్టుకుంది. "వీటిలో ఒకటి నాకిస్తారా?"

పిన్ని ఏడ్చింది. ఎందుకో ప్రింటర్ కూడా. వ్యాను మనిషి, ఎవరూ ఏమీ వివరించకుండానే, పదకొండు గుడ్డలతో తృప్తిపడి వెళ్ళిపోయాడు. తక్కువైనది బురదలో ఎవరూ లెక్కపెట్టరన్నాడు.

అక్కడితో ఆగితే నేను నేను కాను. అసలు మరకను మళ్ళీ భూతద్దంతో చూసి, "ఇది తుప్పా, రక్తమా?" అని టీచరమ్మను అడిగాను. ఆ ప్రశ్న నా నోటినుంచి మామూలుగా, తేదీ అడిగినట్టు వచ్చింది. నాన్న తుప్పనే చెప్పేవారట. ఒకసారి మాత్రం, ముసలితనంలో, వాన పడుతున్న రోజున, దాన్ని ఒక జర్మన్ కుర్రవాడు తన చేతికి ఇచ్చాడనీ, ఆ కుర్రవాడికి ఇక దాని అవసరం లేకపోయిందనీ అన్నారట. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఇది కేవలం వినికిడి, ఒక్కరి నోటినుంచి ఒక్కసారి. నేను వంటగదిలోకి వెళ్ళి నిమ్మకాయ సగానికి కోసి తెచ్చాను. తుప్పయితే నిమ్మరసానికి వెలుస్తుంది, పాత రక్తమైతే అంత తేలిగ్గా లొంగదు. సంపూర్ణ రుజువు కాకపోయినా, మొగ్గు తెలుస్తుందని వివరించాను. టీచరమ్మ అంతా శ్రద్ధగా విన్నది. విని, మరకమీద తన అరచెయ్యి ఆన్చి, "వద్దు బాబూ" అంది.

కాబట్టి ఆ మరక దేనిదో ఈనాటికీ తెలియదు. తేల్చే మార్గం ఉండి కూడా తేలకపోవడానికి కారణం స్పష్టమే: దాన్ని తెలుసుకోవాలంటే దాన్ని కొంత చెరపాలి, చెరిపే హక్కు ఉన్నావిడ ఒప్పుకోలేదు. శాస్త్రీయంగా ఇది అసంపూర్తి ఫలితం. ఇప్పుడు ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంటే, వానకు తడిసి, చెప్పుల్లేకుండా, ఒక చేతిలో భూతద్దం, మరో చేతిలో సగం నిమ్మకాయ పట్టుకుని, అరచెయ్యి కిందినుంచి మరక మళ్ళీ బయటపడుతుందేమోనని ఆశగా నిలబడ్డ ఆ కుర్రవాడు కనిపిస్తాడు. అతనికి ఏదైనా చెప్పాలనిపిస్తుంది. కాని రుజువు అడుగుతాడని తెలుసు గనుక, చిన్నగా నవ్వుకుని ఊరుకుంటాను.